నాలుగో మోటారు

సాయిశ్రీ రెండోసారి ఆటోనగర్ వచ్చి, నాగూర్ షాపు మెట్టు మీద హెల్మెట్ పెట్టి, భుజం మీది సంచి దించుకున్న చోట పోయిన వారం ఆగాం. సంచిలో ఆమె డ్రోన్ ఉంది. కెమెరాతో గాల్లోకి లేచే ఆ చిన్న యంత్రం కీచుమంటోందని పది రోజుల కిందట తెస్తే, మోటార్ల మేస్త్రీ నాగూర్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దాని ఒంటికి, పిడి తన చెవికి ఆనించి విని, బేరింగ్ ఎండిపోయిందని తేల్చాడు. చుక్క నూనె వేశాడు. షాపు ముందే నాలుగుసార్లు పైకి లేపించి, దింపించి, "ఇంక బెంగ లేదు, తీసుకెళ్లమ్మా" అన్నాడు. నిన్న సాయంత్రం పామర్రు అవతల కాలవగట్టు మీద అది గాల్లో వంకర్లు పోయి, కేక పెట్టినట్టు అరిచి, వరిచేలో దిగబడింది.

నాగూర్ దాచిన సంగతి ఒకటుంది. దాన్ని అతను తనతో కూడా పూర్తిగా చెప్పుకోలేదు. పది రోజుల కిందట ఆ స్క్రూడ్రైవర్ పిడిలో అతనికి ఏ కీచూ వినపడలేదు.

సంచి జిప్పు తీస్తున్నప్పుడు సాయిశ్రీ చేతులు నెమ్మదిగానే కదిలాయి. కోపం మీదున్న మనిషి చేతులు అలా కదలవు. ఆమె కోపాన్ని దారిలోనే, ఏ కంకిపాడు దగ్గరో, మింగేసి వచ్చిందని నాగూర్‌కి తోచింది. అది అతనికి ఇంకా కష్టంగా ఉంది. తిట్టేవాళ్లకైతే ఏదో ఒకటి తిరిగి చెప్పొచ్చు.

పక్కషాపు లాజరు ఇనుము కోసే లేతు మిషను ఆపి, గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు.

"ఏమ్మా, మళ్లీ వచ్చిందేంటి నీ పిట్ట? మా భాయ్ చెవి పెట్టాడంటే ఇంక తిరుగుండదే!"

"నేనూ అలాగే అనుకున్నానండీ. ఎగరడం మానేసి నాట్లు వెయ్యడానికి దిగింది."

లాజరు పకపకా నవ్వాడు. "నీకు తెలీదు గానీ, ఓసారి రైస్‌మిల్లాయన ఫోన్ చేసి, మోటారు దగ్గర ఫోన్ పట్టుకుంటే, ఇక్కడ కూర్చునే ఏ బేరింగ్ పోయిందో చెప్పాడు ఈయన. డాక్టర్లు కూడా ఎక్స్‌రే అడుగుతారమ్మా. ఈయన అదీ అడగడు."

"నీ లేతు నిన్ను పిలుస్తోంది, పో లాజరూ," అన్నాడు నాగూర్.

"అదెప్పుడూ పిలుస్తూనే ఉంటుంది. మా ఆవిడ చెల్లెలు అది." గ్లాసు కడిగి పెట్టి లాజరు లోపలికి పోయాడు. కాసేపట్లో ఇనుము మీద ఇనుము కోసే మోత వీధంతా నిండింది. ముప్పై ఏళ్లుగా ఆ మోత గోడ అవతల ఉంది. నాగూర్ దాన్ని ఎన్నడూ శబ్దంగా లెక్కపెట్టలేదు. గాలిలాగా అది ఉండాల్సిందే అనుకునేవాడు.

సాయిశ్రీ డ్రోన్‌ని బల్ల మీద పెట్టింది. రెక్కలకి ఇంకా బురద ఎండి ఉంది. ఆమెకి ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటాయి. పటమటలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో నాలుగేళ్లు పనిచేసి, రెండు నెలల కిందటే బయటికి వచ్చింది.

"రేపు పొద్దున్న ఆరున్నరకి, బాబాయ్ గారూ," అంది. "ఎలీషా పాస్టర్ గారు ముప్పై రెండు మందికి కాలవలో బాప్తిస్మం ఇస్తున్నారు. సొంతంగా ఒప్పుకున్న పనుల్లో నాకిదే మొదటిది. అందరూ తెల్లబట్టల్లో, నడుంలోతు నీళ్లలో వరసగా నిలబడితే పైనుంచి ఎలా ఉంటుందో ఆయన చేతులూపి మరీ చెప్పారు. పైనుంచే తీస్తానని మాటిచ్చాను."

"ఇవాళే చూసిచ్చేస్తా."

"చూసే ముందు ఓసారి వినండి. నిన్న పడేముందు ఫోన్లో రికార్డు చేశాను."

ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి, అతని చేతిలో పెట్టింది. నాగూర్ దాన్ని కుడిచెవి దగ్గరికి తెచ్చుకుని తల వాల్చాడు. కళ్లు మూశాడు. పూర్తిగా మూయలేదు. రెప్పల సందులోంచి ఎదురుగా ఉన్న అమ్మాయి మొహం కనిపిస్తూనే ఉంది.

అది రెండేళ్లుగా పట్టుబడిన విద్య. శబ్దం తెచ్చినవాళ్లు తమ శబ్దం వచ్చే చోట ఊరుకోలేరు. కనుబొమలు ముడిపడతాయి, లేకపోతే గడ్డం కొంచెం ముందుకొస్తుంది. కడుపునొప్పి ఉన్నవాడు డాక్టరు వేలు సరైన చోట నొక్కగానే ముడుచుకున్నట్టు ముడుచుకుంటారు. ఆ క్షణాన నాగూర్ తలూపుతాడు. "ఇదిగో, ఇదే," అంటాడు. వాళ్ల మొహంలో ఊరట కనిపిస్తుంది. ఆ ఊరటని చూసి అతనూ ఊరట పడతాడు. తను నిజంగానే విన్నానని ఒక్కోసారి నమ్మేవాడు కూడా.

కానీ ఇవాళ అతన్ని ఇంకో భయం పట్టుకుంది. కీచు వినపడకపోవడం సరే. డ్రోన్ ఎగిరేటప్పుడు వచ్చే బొయ్యిమనే మోత, పది రోజుల కిందట ఇదే షాపు ముందు వినపడిన లావు మోత, అది కూడా ఫోన్లో లేదు. లేతు రొదలో కలిసిపోయిందా? లేక ఈ పది రోజుల్లో తనలోంచి అదీ పోయిందా? చేతిలో ఫోన్ వేడెక్కినట్టనిపించింది. ఎదుట సాయిశ్రీ కనుబొమలు ముడిపడ్డాయి. నాగూర్ తలూపాడు.

అప్పుడు ఆమె, చెవిలో ఏదో పెట్టుకుని పెద్దాయనతో మాట్లాడటం మర్యాద కాదని అప్పుడే గుర్తొచ్చిందో ఏమో, జుట్టు వెనక్కి తోసి ఎడమచెవిలోంచి శనగగింజంత తెల్లటి బ్లూటూత్ ముక్క తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే ఆగిపోయింది. ఫోన్ వైపు చూసింది. ఇంకా ముందుకి వంగి చూసింది. కనుబొమలు ఇంతకు ముందుకన్నా గట్టిగా ముడిపడ్డాయి.

"ఇదిగో," అన్నాడు నాగూర్. "ఇక్కడ. బాగా వస్తోంది చూడు. మూడో మోటారు బేరింగ్."

ఫోన్ తెర మీద రికార్డింగ్ ఇంకా నడుస్తోంది.

"ఇప్పుడు కూడా వస్తోందా, బాబాయ్ గారూ?"

"వస్తోందమ్మా. స్పష్టంగా."

ఆమె అరచెయ్యి చాపింది. అందులో ఆ తెల్లటి ముక్క ఉంది.

"శబ్దం ఇందులో వస్తోందండీ," అంది, గొంతు బాగా తగ్గించి. "ఫోన్లోంచి రావట్లేదు."

నాగూర్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. కోపం ఎప్పుడూ సిగ్గుకన్నా వేగంగా నడుస్తుంది, పెద్దరికం ఇచ్చి దానికి దారి వదులుతాం కూడా.

"పరీక్ష పెట్టావా నాకు?"

"లేదండీ. ఒట్టు. బండి మీద పాటలు వింటూ వచ్చా. చెవిలో ఉందన్న సంగతే మర్చిపోయా. నాకు వినపడుతోంది కాబట్టి మీకూ వినపడుతోందనుకున్నా."

"నలభై ఏళ్లమ్మా. ఈ రోడ్డులో ఎవర్నన్నా అడుగు. నా స్క్రూడ్రైవర్ వయసు లేదు నీకు!"

"తెలుసండీ. అందుకే రెండోసారి కూడా మీ దగ్గరికే వచ్చా."

నాగూర్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. మోటారు తీగ చుట్టే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గోడ అవతల లేతు కోస్తూనే ఉంది. లాజరు ఇది వినలేదు. విననందుకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎంత చిన్నదో కూడా తెలిసింది.

సాయిశ్రీ వెళ్లిపోవచ్చు. సంచి సర్దుకుని, "సరేనండీ, తర్వాత వస్తా" అని, ఇంకో మెకానిక్‌ని వెతుక్కోవచ్చు. ఆ మాట కోసమే నాగూర్ నేల చూస్తూ కాచుకున్నాడు. ఆమె ఇంకో స్టూలు తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నుంచి, బాబాయ్?" అంది. ఈసారి గారూ లేదు.

"రెండేళ్లు. అంతకు ముందే మొదలైందేమో. పోయే శబ్దం చెప్పి పోదు కదమ్మా."

మొదట్లో అతనికి లోకమే మారినట్టు కనిపించింది. కొత్త మోటార్లు బాగా చేస్తున్నారనుకున్నాడు. ఎంత మెత్తగా తిరుగుతున్నాయో చూడమని లాజరుకి చూపించాడు కూడా. కాలవగట్టు మీద కీచురాళ్లు లేకుండా పోయాయి. చేలల్లో మందులు కొట్టి కొట్టి చంపేశారని నలుగురిలో వాదించాడు. అవతలివాళ్లు వింతగా చూస్తే, ఊళ్లో ఉండేవాళ్లకి ఊరి సంగతి పట్టదనుకున్నాడు. భార్య కుల్సుం వంటింట్లోంచి మాట్లాడేది అందక, ముసలిదానివైపోయావు, గొంతు లేవట్లేదని వేళాకోళం చేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఒక్కొక్కటే తీసేసి అమర్చిన లోకం అది. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ అందులో తిరిగాడు.

"ఇంట్లో తెలుసా?"

"కుల్సుంకి తెలుసనుకుంటా. ఈమధ్య నాతో ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతోంది."

సాయిశ్రీ తల వంచుకుంది. "మీ మీద కోపం లేదు బాబాయ్," అంది. "కానీ నా సంగతి కూడా చూడాలి. రేపు దీని కింద ముప్పై రెండు మంది నీళ్లలో ఉంటారు. పడితే తప్పుకోవడానికి పరిగెత్తలేరు. నడుంలోతు నీళ్లలో ఎవరు పరిగెత్తగలరు? అందులో ఒకావిడ కడుపుతో ఉంది. ఇదెందుకు అరుస్తోందో నాకు తెలియాలి. తెలుస్తుందా మనకి?"

మనకి, అంది. నాగూర్ డ్రోన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

"ముందు ఫ్యాన్లు ఊడదీయి."

ఆమె ప్రొపెల్లర్లంటుంది, అతను ఫ్యాన్లంటాడు. నాలుగు చేతుల చివర నాలుగు మోటార్లు, వాటి మీద ఫ్యాన్లు. అన్నీ ఊడదీసి పెట్టింది.

"ఇప్పుడు ఉత్తి మోటార్లు తిప్పు. అరుపు ఆగిపోతే తప్పు ఫ్యానుది. ఆగకపోతే మోటారుది. అంతే. ఏ మిషనుకైనా ఇంతే, సగం తీసేసి ఏ సగం ఏడుస్తోందో చూడాలి."

సాయిశ్రీ డ్రోన్‌ని నడిపే కంట్రోలర్ మీది పుల్లలు రెండూ లోపలికి లాగింది. బల్ల సన్నగా వణికింది. నాగూర్‌కి ఆ లావు మోత వినపడింది. పూర్తిగా పోలేదు, ఇంకా ఉంది. ఆ ఒక్కదానికే అతని కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడం ఆమె కంట పడకుండా ముక్కు గీరుకున్నాడు.

"అరుస్తోంది బాబాయ్. మోటారే."

"ఏ మోటారు?"

"నాలుగూ కలిసి అరుస్తున్నట్టుంది. తెలియట్లేదు."

నాగూర్ గోడకి తగిలించిన స్క్రూడ్రైవర్ తీశాడు. చెక్కపిడి నునుపుదేరి, చెవి ఆనే చోట నల్లగా మెరుస్తోంది. దాన్ని ఇదివరకెన్నడూ ఇంకొకరి చేతికి ఇచ్చినట్టు అతనికి గుర్తులేదు. ఇచ్చాడు.

"మొన మోటారు కిందున్న డ్రోన్ చెయ్యికి ఆనించు. తిరిగేదానికి తగలనీయకు. పిడి చెవిలోకి దోపకు. చెవి ముందు ఎముకుంటుంది చూడు, అక్కడ నొక్కు. ఇంకో చెవి వేలితో మూసుకో. ఇప్పుడు నువ్వు మోటారు లోపల ఉన్నట్టే."

ఆమె మొదటి మోటారు దగ్గర వంగింది. కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బో! ఇంత మోతా?"

"మోత కాదు, ఎలా ఉందో చెప్పు. గుండ్రంగా ఉందా, గరుగ్గా ఉందా?"

"గుండ్రంగా... అంటే... ఒకేలా ఉంది. విసనకర్ర లాగా."

"బతికింది. రెండోది?"

"ఇందులో ఏదో కొంచెం గీరుతోంది. సన్నగా."

"మూడు?"

మూడు అని అడిగేటప్పుడు అతని గొంతు తగ్గింది. ఇందాక మూడో మోటారు అన్నాడు. నాలుగింట్లో మూడు అంటే వినేవాళ్లకి నమ్మకంగా ఉంటుంది. ఒకటి అంటే తొందరపడ్డట్టు, నాలుగు అంటే చేతులెత్తేసినట్టు. ఇలాంటి లెక్క ఎప్పుడు నేర్చుకున్నాడో తనకే తెలియదు.

"మూడు బాగుంది," అందామె. అతని వైపు చూడకుండానే అంది. నాలుగో దానికి ఆనించిందో లేదో ఉలిక్కిపడి పిడి దూరంగా లాగింది. "ఇదే బాబాయ్! ఇదే. చెవిలో ఎవరో ఇసుక నములుతున్నట్టుంది."

"ఆగి ఆగి వస్తోందా, ఆగకుండా వస్తోందా?"

"చుట్టుకి ఒకసారి తగులుతోంది. టిక్కు, టిక్కు, టిక్కు... వేగంగా తిరిగితే అదే అరుపవుతోంది."

"ఆపెయ్."

తర్వాత పని అతని వేళ్లది. వేళ్లకి ఏమీ కాలేదు. నాలుగో మోటారు డొప్పని బొటనవేలితో నెమ్మదిగా తిప్పాడు. లోపల అయస్కాంతాలున్న మోటారు చేతితో తిప్పితే మెట్లు దిగినట్టు దిగాలి, ఒక్కో మెట్టూ ఒకేలా ఉండాలి. ఇందులో ఒక మెట్టు మీద కాలు జారుతోంది. వాచీల వాళ్లు వాడే భూతద్దం కంటికి బిగించి, టార్చి కిందనుంచి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏముంది?"

అతను చీపురుపుల్ల చివర గమ్ టేపు జిగురు పైకి వచ్చేలా చుట్టి, డొప్ప సందులోకి పంపి, తిప్పి, లాగాడు. టేపు నల్లగా, గడ్డం పెరిగినట్టుంది. భూతద్దం ఆమెకిచ్చాడు.

"వెంట్రుకలా?"

"ఇనుప రజను. లోపలి అయస్కాంతం లాక్కుంది. దీన్ని నేల మీద నుంచి ఎక్కడెక్కడ లేపావు?"

"గట్టు మీదైతే ప్లాస్టిక్ చాప పరుస్తా, మట్టి రేగుతుందని. ఇంటి దగ్గర మేడ మీద. ఇంకెక్కడా..." ఆగింది.

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. షాపు ముందు నేల, లాజరు లేతు ముందు నేల ఒకటే. మట్టి అక్కడ మట్టి రంగులో ఉండదు. ముప్పై ఏళ్ల ఇనుము పొడై అందులో కలిసి, ఎండలో నీలంగా మెరుస్తుంది. పది రోజుల కిందట ఆ నేల మీద నుంచే, నాగూర్ చెప్పగా, డ్రోన్ నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లు దిగింది. దాని గాలికి రేగిన పొడి దాని అయస్కాంతాలకే అంటుకుంది. దానికి ముందు అతను వేసిన నూనె చుక్క మిగతాదాన్ని పట్టి ఉంచింది. పెద్ద మోటార్లకి డొప్ప మూసి ఉంటుంది. ఇది అన్నివైపులా తెరిచి ఉన్న మోటారు. నలభై ఏళ్లలో అలాంటిది చేతికి రాలేదు. కానీ ఆ సాకు అతను వాడుకోలేదు.

"మొదటిసారి వచ్చిన కీచు ఎలా ఉండేదో గుర్తుందా?"

"ఈల లాగా. గాల్లోకి లేచాకే వచ్చేది. నేల మీద లేదు. ఇక్కడ లేపినప్పుడు లేతు మోతలో నాకూ వినపడలేదు."

నాగూర్ ఊడదీసిన ఫ్యాన్లు ఒక్కొక్కటే తీసుకుని అంచు వెంట గోరు నడిపించాడు. మూడోదాని దగ్గర గోరు ఆగింది. కంటికి ఆనని పగులు. ఫ్యానుని కొంచెం వంచితే నోరు తెరిచింది.

"ఇదీ మొదటి జబ్బు. ఈ ప్లాస్టిక్ ముక్క మార్చి ఉంటే సరిపోయేది. ఈల అన్నావు, గాల్లోనే అన్నావు. నువ్వు చెప్పింది విన్నా చాలు, తెలిసేది. నేను నీ మాట వినలేదు. విన్నట్టు కనపడే పనిలో ఉన్నాను." పగిలిన ఫ్యానుని బల్ల మీద పెట్టాడు. "చిన్న రోగంతో వచ్చినదానికి పెద్ద రోగం అంటించి పంపానమ్మా."

సాయిశ్రీ టేపు మీది రజను వైపు చూస్తూ, "ఇది తీసేస్తే బాగైపోతుందా?" అంది.

ఆ ప్రశ్నకి ఔననాలని అతనికి ఎంతగానో ఉంది. ఔనంటే సాయంత్రం లోపల అరుపు ఆగుతుంది, ఆమె నవ్వుకుంటూ వెళ్తుంది, ఇద్దరి మధ్యా ఈ మధ్యాహ్నం ఒక చిన్న రహస్యంగా మిగిలిపోతుంది. మళ్లీ భూతద్దం పెట్టాడు.

"మిగతా మూడూ బాగైపోతాయి. నాలుగో దాంట్లో ఒక ఇనుప పెచ్చు రాగితీగ మీద గీసింది. తీగ మీది పూత పోయింది. రజను తీశాక అరవదు. నీకు కూడా ఏమీ వినపడదు. కానీ వేడెక్కితే తీగకి తీగ తగిలి, గాల్లోనే ఆగిపోవచ్చు. ఆగకనూ పోవచ్చు."

"కొత్త మోటారు?"

"ఇవాళ దొరకదు. దొరికినా ఒక్క సాయంత్రంలో నమ్మలేం."

"అయితే రేపు..."

"ఎగరేయకమ్మా."

ఆమె డ్రోన్ చేతులు నాలుగూ ఒక్కొక్కటే మడిచింది. మడవడం చాలాసేపు సాగింది. స్టూడియోలో ఆమెకి చెప్పారట, నువ్వు కెమెరా పట్టుకోవడమే వచ్చిన దానివి, మనుషుల దగ్గర మాట నిలబెట్టుకోవడం వేరే పని అని. అది గుర్తొచ్చినట్టుంది. నాగూర్‌కి ఆ సంగతి తెలియదు. ఆమె పెదవులు బిగుసుకోవడం మాత్రం చూశాడు, ఈసారి దాన్ని తన అవసరానికి చదువుకోలేదు.

"నీళ్లలోకి దిగి తీస్తా," అంది చివరికి. "నడుంలోతేగా. వాళ్లతో పాటే నిలబడి తీస్తా. పైనుంచి ఎందుకు లేదో పాస్టర్ గారికి నిజం చెబుతా. తిడితే తిడతారు."

"నా పేరు చెప్పు."

"మోటారు పాడైందని చెబుతా. అది చాలు."

బయట లేతు ఆగింది. ఎండ వాలి గుమ్మంలోకి వచ్చింది. సాయిశ్రీ సంచి భుజాన వేసుకుంది, మెట్టు దిగింది, దిగి నిలబడిపోయింది. ఏదో అడగాలా వద్దా అని ఆమె తనలో తను తేల్చుకుంటోంది. తేల్చుకుని వెనక్కి తిరిగింది.

"బాబాయ్, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఈ రెండేళ్లలో మీరు చెవి పెట్టి బాగుందన్నవి... అవన్నీ ఏమయ్యాయి?"

నాగూర్ నవ్వబోయాడు. నీళ్ల మోటార్లు, పిండిమరలు, గ్రైండర్లు. బాగాలేకపోతే ఆగిపోతాయి, తిరిగి తెస్తారు. తెచ్చారు కూడా, నలుగురైదుగురు. వాటివల్ల ఎవరికీ ఏమీ కాదు. అలా ఒక్కొక్కటే మనసులో దాటుకుంటూ వెళ్తున్నవాడు ఒక చోట ఆగిపోయాడు.

ఎనిమిది రోజుల కిందట హనుమయ్య వచ్చి బండి మీద ఎక్కించుకుపోయాడు. ఊరి చివర ఖాళీ స్థలంలో ఎగ్జిబిషన్ వేస్తున్నాడు హనుమయ్య. పొద్దున్నపూట, జనం లేనప్పుడు, ఆకాశమంత జెయింట్ వీల్‌ని ఖాళీగా తిప్పించారు. నడిమి ఇరుసు బేరింగ్ మీద నాగూర్ స్క్రూడ్రైవర్ ఆనించాడు. లోపల లావుగా, మెత్తగా తిరిగిన మోత తప్ప ఏమీ లేదు. అంత పెద్ద చక్రం ఇంత శుభ్రంగా తిరుగుతోందా అని ముచ్చటపడ్డాడు. తనే హనుమయ్య భుజం తట్టి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. శని, ఆదివారాల్లో జనం విరగబడతారని హనుమయ్య అప్పుడే చెప్పాడు.

"ఇవాళ శనివారమా?" అన్నాడు నాగూర్.

"అవునండీ. ఏం?"

అతను అప్పటికే ఫోన్ తీశాడు. నంబరు నొక్కుతుంటే వేళ్లు రెండుసార్లు తప్పాయి. హనుమయ్యది బొంగురు గొంతు. ఆ గొంతు ఇంకా అందుతుంది.

"భాయ్! ఏంటి ఈ టైంలో? ఇక్కడ ఊపిరాడట్లేదు, ఒకటే రష్!"

"చక్రం తిరుగుతోందా?"

"తిరక్కేం? ఇరవై నాలుగు తొట్లూ నిండాయి. ఏదో స్కూలు వాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు."

"ఆపెయ్ హనుమయ్యా. మెల్లగా ఒక్కో తొట్టీ దింపుకుంటూ ఆపెయ్."

"ఆపడమేంటి? నువ్వేగా బ్రహ్మాండంగా ఉందన్నావు? నీ మాట మీదే కదా మొదలుపెట్టింది!"

లేతు ఆపిన లాజరు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏంటి భాయ్, ఎవర్ని బెదిరిస్తున్నావు?" అన్నాడు నవ్వుతూ. రోడ్డు అవతల టైర్ల షాపులో ఇద్దరు ఇటు చూశారు. నలభై ఏళ్లుగా తనకి సలాం కొట్టే మొహాలు. నాగూర్ వాళ్లకి వీపు తిప్పుదామనుకున్నాడు. తిప్పలేదు.

"నాకు వినపడదు హనుమయ్యా." వీధికంతటికీ అందేంత గట్టిగా వచ్చింది ఆ మాట. అంత గట్టిగా అనాలని అతను అనుకోలేదు. "సన్న శబ్దాలు నాకు వినపడవు. రెండేళ్లయింది. ఆ రోజు నీ బేరింగ్ బాగుందని నాకు తెలీదు. నాకేమీ వినపడలేదు, అంతే. ఆపెయ్."

లాజరు మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఫోన్లో మాట లేదు. హనుమయ్య పెట్టేశాడో, మాట్లాడుతూనే ఉన్నాడో నాగూర్‌కి తెలియలేదు. చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. ఏదో ఉన్నట్టుంది, ఏమీ లేనట్టూ ఉంది. మెట్టు దిగి ఫోన్ సాయిశ్రీకి అందించాడు.

"ఉన్నాడా, తల్లీ?"

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుంది.

"ఉన్నాడండీ," అంది. "అరుస్తున్నాడు. మనతో కాదు. చక్రం తిప్పేవాళ్లతో, ఆపమని."